మేడమీద ఎండ – ఇంట్లో వేడి
(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దవాళ్ళు. ఈ రోజుల్లో దానికి మూడోది కూడా చేర్చాలి – కట్టిన ఇంటిని బాగుచేయించి చూడు అని! కట్టేటప్పుడు సలహాలు చెప్పడానికి పదిమంది వుంటారు. గృహప్రవేశానికి వందమంది వస్తారు. పదిహేనేళ్ళు గడిచి గోడ చెమ్మెక్కినా, శ్లాబు కారినా, వేసవిలో ఇల్లు కుంపటిలా కాగినా, పట్టించుకునేది ఆ ఇంట్లో పొద్దస్తమానం మసలే ఇల్లాలు ఒక్కతే.

ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ బాగుచేయించడం గురించే. రంగులూ, టైల్సూ, కొత్త గుమ్మాలూ కాదు. ఇంట్లో వేడి తగ్గి, కరెంటు తక్కువ ఖర్చయ్యేలా వున్న ఇళ్ళను మార్చుకోవడానికి ప్రభుత్వాలు వేస్తున్న ప్రణాళికల గురించి. ప్రణాళిక అన్నమాట వినగానే రేడియో చెవి మెలిపెట్టేయకండి. ఇది మన వంటింటికీ, మన పడకగదికీ, నెలనెలా మన గుమ్మంలోకొచ్చే కరెంటు బిల్లుకూ సంబంధించిన విషయం.

ముందు అసలు వేడి ఎక్కడినుంచి వస్తున్నదో చూద్దాం. కిటికీలోంచి వచ్చే వడగాలి మనకి తెలుస్తుంది. తలుపు వేసుకుంటాం, పరదా దించుకుంటాం. కానీ పై అంతస్తులో వున్నవాళ్ళకు అంతకన్న పెద్ద శత్రువు నెత్తిమీదే వున్నది. కాంక్రీటు శ్లాబు పగలంతా ఎండ తాగుతుంది. నడివేసవి మధ్యాహ్నం దాని పైభాగం అరవై డిగ్రీలదాకా కాగవచ్చు. ఆ వేడి నాలుగైదు అంగుళాల మందం దాటి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అంచేత సూర్యుడు అస్తమించి, బయట కాస్త చల్లగాలి తిరిగే వేళకు మన గదిలో శ్లాబు వేడి కక్కడం మొదలుపెడుతుంది. పడుకోబోతే మంచం కాలుతుంది. ఫ్యాను వేస్తే కప్పు దగ్గరున్న ఆ వేడిగాలినే తెచ్చి మన ముఖాన కొడుతుంది. "రాత్రంతా నిద్రే లేదండీ" అని పై పోర్షన్ వాళ్ళు అంటే అది నాజూకుతనం కాదమ్మా, శ్లాబు చేసే పని.

రేకుల ఇళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. సిమెంటు రేకు పలుచన. ఎండ తగిలిన కాసేపటికే ఆ వేడి లోపలికి దిగిపోతుంది. ఆ రేకుల కింద పగటిపూట వుండేదెవరు? మగవాళ్ళు పనికి పోతారు. పిల్లలు బడికి పోతారు. మిగిలేది ఇల్లాలూ, మంచానపడ్డ ముసలివాళ్ళూ, పొత్తిళ్ళలో బిడ్డా. 2010 మే నెలలో అహమ్మదాబాదు నగరంలో వడగాడ్పులు వీచినప్పుడు, ఆ నెలలో మామూలుగా సంభవించే మరణాలకన్న 1,344 ఎక్కువ నమోదయ్యాయని తరువాత పరిశోధకులు లెక్కగట్టారు. 2015 మేలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా ఎండదెబ్బకు పోయారు. అంచేత ఇంటికప్పు చల్లబరచడం సుఖానికి సంబంధించిన సంగతే కాదు, ప్రాణానికి సంబంధించిన సంగతి.

మన పాతకాలపువాళ్ళకు ఇది తెలుసు. మండువా లోగిళ్ళలో పెంకు కింద గాలి ఆడేది. మిద్దెలైతే దూలాలపైన ఇటుక పేర్చి, ఆపైన ఇటుకముక్కలూ సున్నమూ కలిపి పోసి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని రోజుల తరబడి దిమ్మిస కొట్టేవారు. గోడలకు ఏటేటా పండక్కి సున్నం వేసేవాళ్ళు. తెల్లని సున్నం ఎండను తిప్పికొడుతుందని వాళ్ళెవరూ పుస్తకంలో చదవలేదు, అనుభవంతో పట్టుకున్నారు. శ్లాబులు వచ్చాక తొందర వచ్చింది. కప్పు పలచనైంది, సున్నం పోయింది. ఇప్పుడు మళ్ళీ శాస్త్రజ్ఞులు కొలతలు తీసి అదేమాట చెబుతున్నారు. మామూలు సిమెంటు కప్పు తనమీద పడే ఎండలో మూడోవంతుకు అటూ ఇటూగా మాత్రమే వెనక్కి పంపుతుంది. కొత్తగా వేసిన మంచి తెల్లపూత అయితే మూడింట రెండువంతులకు పైగా తిప్పి పంపుతుంది. తేడా అంతా అక్కడే వున్నది.

సరే, సర్కారువారు ఏం చేస్తున్నారు?

మన దేశంలో వాడే విద్యుత్తులో ఇంచుమించు మూడోవంతు భవనాలలోనే ఖర్చవుతుంది. అందుకని 2001లో ఇంధన పొదుపు చట్టం చేశారు. ఆ చట్టం కిందనే 2002 మార్చిలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. ఆ పేరు గుర్తుండకపోయినా దాని చేతిపని మీకు బాగా తెలుసు. ఫ్రిజ్జు కొనేటప్పుడు తలుపుమీద కాగితం చూసి ఎన్ని నక్షత్రాలున్నాయో లెక్కపెట్టుకుంటాం చూడండి, 2006లో మొదలైన ఆ నక్షత్రాల గుర్తు వారిదే. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు కూడా ఈ గుర్తు తప్పనిసరి అయింది.

సామాన్లకు నక్షత్రాలు వచ్చాయి, మరి ఇళ్ళకో? 2007లో పెద్ద వాణిజ్య భవనాలకు ఒక నియమావళి వచ్చింది. గోడ ఎలా వుండాలి, కప్పు ఎలా వుండాలి, అద్దం ఎంత వుండాలి అని. మన ఉమ్మడి రాష్ట్రం విభజనకు ముందే, 2014లో, దాన్ని తన నిబంధనల్లో చేర్చుకుంది. 2018 డిసెంబరులో నివాస గృహాలకు 'ఎకో నివాస్ సంహిత' అని ఇంకొకటి వచ్చింది. 2022లో చట్టాన్ని సవరించి పెద్ద నివాస భవనాలను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. ఇవన్నీ మంచివే. అయితే ఇందులో ఒక కిటుకు గమనించారా? ఇవి ముఖ్యంగా కొత్తగా కట్టబోయే భవనాలకు, అందులోనూ పెద్దవాటికి. మనం వుంటున్నవో? ఎప్పుడో కట్టేసినవి, చిన్నవి.

ఇక్కడే తెలంగాణ ప్రభుత్వం ఒక అడుగు ముందుకు వేసింది. 2023 ఏప్రిల్లో 'కూల్ రూఫ్ పాలసీ' అని, అంటే చల్లని కప్పుల విధానం అని, 2028 దాకా అమలయ్యేలా ప్రకటించింది. ప్రభుత్వ భవనాలకూ, వాణిజ్య భవనాలకూ చల్లని కప్పు తప్పనిసరి అన్నది. ఇళ్ళయితే 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టేవాటికి తప్పనిసరి. ఆ లోపు వాటికి యజమాని ఇష్టం. ఐదేళ్ళలో మొత్తం 300 చదరపు కిలోమీటర్ల కప్పు చల్లబడాలనీ, అందులో 200 హైదరాబాదు ప్రాంతంలో వుండాలనీ లక్ష్యం పెట్టుకున్నారు. చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలలో పని అయిపోతుందని విధానం ప్రారంభించినప్పుడు మంత్రిగారు చెప్పారు. ఆ లెక్కన వంద చదరపు మీటర్ల డాబాకు, అంటే సుమారు 120 గజాలకు, ముప్పైవేల రూపాయలన్నమాట.

ఇది గాలిలోంచి పుట్టిన లెక్క కూడా కాదు. హైదరాబాదులోనే అమెరికా లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీవారూ, మన ట్రిపుల్ ఐటీ వారూ కలిసి ఆఫీసు భవనాల కప్పులకు తెల్లపూత వేయించి ఏసీల ఖర్చు కొలిచారు. ఆ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. మామూలు కాంక్రీటు కప్పు తెల్లబరిస్తే చల్లదనానికయ్యే కరెంటులో నూటికి 10 నుంచి 19 వంతులు మిగిలింది. నల్లటి కప్పు అయితే 14 నుంచి 26 వంతుల దాకా మిగిలింది. 2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో పాతిక చిన్న ఇళ్ళ కప్పులమీద తెల్లని పరుపులాంటి పొర పరిచి చూస్తే, లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది.

"రెండు డిగ్రీలేనా?" అని తీసిపారెయ్యకండి. జ్వరం వచ్చినప్పుడు రెండు డిగ్రీలంటే ఏమిటో తల్లులకు చెప్పాలా? పైగా ఏసీ లేని ఇంట్లో ఈ ఆదా బిల్లులో పెద్దగా కనబడదు. ఒంటికి తెలుస్తుంది, నిద్రలో తెలుస్తుంది. ఏసీ వున్న ఇంట్లో బిల్లులోనే కనబడుతుంది.

ఇంతవరకు బాగానే వుంది. ఇప్పుడు నా మనసులోని మాట చెబుతాను. ఈ ప్రణాళికలో పెద్ద భవనానికి "తప్పనిసరి" అన్నారు. చిన్న ఇంటికీ, ఇప్పటికే కట్టేసిన పాత ఇంటికీ "మీ ఇష్టం" అన్నారు. ఎండ ఎక్కువ బాధించేది ఎవర్ని? గాలి ఆడని పాతిక గజాల గదిలో వున్నవాళ్ళను. వాళ్ళకు ఇష్టం లేకనా? చేతిలో డబ్బు లేక, ఆ కప్పు తమది కాక!

అద్దె ఇంటి సంగతే చూడండి. డాబా ఇంటాయనది, వేడి అద్దెకున్నామెది. పూత ఖర్చు ఆయన పెట్టాలి, కరెంటు బిల్లు ఈమె కట్టుకుంటుంది. "నాకేం లాభం?" అని ఆయన అడుగుతాడు. "మా సొంత ఇల్లా ఏమన్నానా, రేపు ఖాళీ చేస్తే?" అని ఈమె అనుకుంటుంది. ఇద్దరూ లెక్క తప్పలేదు, అయినా కప్పు మాత్రం నల్లగానే వుండిపోతుంది. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద తెల్ల రేషను కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల లోపు వాడకం ఉచితం. వేసవిలో రెండు ఫ్యాన్లూ ఒక కూలరూ రాత్రింబవళ్ళు తిరిగితే ఆ గీత దాటడం ఎంతసేపు? దాటిన నెల బిల్లు చేతికొస్తుంది. అంటే కప్పు వేడి ఎక్కడో ఆకాశంలో వున్న సమస్య కాదు, ఇంట్లో పాలడబ్బుల సమస్య.

ఇతర దేశాలవారు ఈ చిక్కు ఎలా విప్పుకున్నారో తెలుసుకోవడం మంచిది. వాళ్ళది చలిబాధ, మనది ఎండబాధ, అంతే తేడా. యూరపులో వాడే శక్తిలో నూటికి నలభై వంతులు భవనాలకే పోతుంది. ఇప్పుడున్న ఇళ్ళలో చాలామటుకు 2050లో కూడా నిలిచే వుంటాయని వాళ్ళు లెక్క వేసుకున్నారు. అందుకని సభ్యదేశాలన్నీ పాత భవనాల మరమ్మతుకు దీర్ఘకాల ప్రణాళికలు రాసి ఇవ్వాలని 2012లో యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది. 2014 నుంచి ఆ ప్రణాళికలు రావడం, మళ్ళీ మళ్ళీ సరిదిద్దుకోవడం జరుగుతున్నది.

అయితే కాగితం మీద రాసుకున్నంత మాత్రాన పనులు కావు. బ్రిటనులో 2013లో 'గ్రీన్ డీల్' అని ఒక పథకం పెట్టారు. ఇల్లు బాగుచేయించుకోవడానికి అప్పు ఇస్తారు, ఆ వాయిదా కరెంటు బిల్లులో కలిపి కట్టుకోవచ్చు. వినడానికి ఎంతో బాగుంది. కానీ వడ్డీ ఎక్కువ, కాగితాల తంతు ఎక్కువ. చివరకు సుమారు 14 వేల ఇళ్ళవాళ్ళు మాత్రమే ఆ అప్పు తీసుకున్నారు. 2015లో ప్రభుత్వం డబ్బు ఇవ్వడం మానుకుంది. ఇల్లాలికి అర్థం కాని పథకం ఇంట్లోకి రాదు అని దీన్నిబట్టి మనం తెలుసుకోవాలి.

ఆస్ట్రేలియా కథ ఇంకా బాధాకరం. 2009లో అక్కడి ప్రభుత్వం లక్షలాది ఇళ్ళ అటకల్లో వేడిని ఆపే పొరలు ఉచితంగా పరిపిస్తామంది. తొందర తొందరగా పని మొదలుపెట్టారు. శిక్షణ లేని కుర్రాళ్ళు పనిలోకి దిగారు. పొరలు పరిచేటప్పుడు కరెంటు తగిలి కొందరూ, అటకలో వేడికి తాళలేక ఒకరూ, మొత్తం నలుగురు యువకులు చనిపోయారు. 2010 ఫిబ్రవరిలో పథకం ఆపేశారు. తరువాత విచారణ సంఘం కూడా వేశారు. మన దగ్గర కూడా మేడమీదికి ఎక్కేది కూలివాని బిడ్డే. అతని కాలి కింద తీగలు ఎలా వున్నాయో చూడకుండా పనికి దింపకూడదు. మంచి ఉద్దేశంతో చేసే పని గదా అని జాగ్రత్త మానకూడదు.

మరి ప్రభుత్వాన్ని మనం ఏం అడగాలి? నాకు తోచినవి నాలుగు చెబుతాను.

మొదటిది, చిన్న పాత ఇళ్ళకూ, రేకుల ఇళ్ళకూ సహాయం. మేడమీద సూర్యశక్తి పలకలు పెట్టుకుంటే 2024లో మొదలైన కేంద్ర పథకం మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల దాకా సబ్సిడీ ఇస్తున్నది. ఆ పలకలు పెట్టుకోవడానికి సొంత మేడ కావాలి, చేతిలో కొంత పైకం కావాలి. అంతలో చిన్నవంతు ఖర్చయ్యే తెల్లపూతకు కూడా చెయ్యి అందించమని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. ఇంటిపన్నులో కొద్దిగా తగ్గించినా ఇంటి యజమానులు కదులుతారు.

రెండోది, మొదట ఎక్కడ వెయ్యాలి అన్నది. అంగన్‌వాడీ కేంద్రాలు, ప్రభుత్వ బడులు, ఆసుపత్రుల్లో బాలింతల వార్డులు. ఇవి సర్కారువారి కప్పులే కాబట్టి ఎవర్నీ బతిమాలుకోనక్కరలేదు.

మూడోది, పూతల నాణ్యం. బజారులో ప్రతి తెల్లరంగు డబ్బామీదా "చల్లదనం" అని రాసి వుంటోంది. ఏది పరీక్షలో నెగ్గిందో, ఎన్నేళ్ళు నిలుస్తుందో ఫ్రిజ్జు నక్షత్రాల మాదిరిగా మనకు చదవడం వచ్చిన గుర్తు వుండాలి.

నాలుగోది, లెక్క. ఎన్ని చదరపు కిలోమీటర్లు తెల్లబరిచామని మాత్రమే కాకుండా, ఆ కప్పు కింద గదిలో ఎన్ని డిగ్రీలు తగ్గిందో కూడా కొలిచి చెప్పమనాలి. కప్పు తెల్లబడడం మన గమ్యం కాదు, కింద మనిషి నిద్రపోవడం గమ్యం.

సర్కారువారు చేసేదాకా మనం చేతులు ముడుచుకు కూర్చోవాలా? అక్కరలేదు. చేసుకోగలిగినవి కొన్ని వున్నాయి.

మేడమీద పూత వేయించాలనుకుంటే మాఘమాసం వెళ్ళకముందే మాట్లాడుకోండి. ఏప్రిల్లో పనివాళ్ళు దొరకరు, రేట్లు పెరుగుతాయి. ముందు పగుళ్ళు పూడ్పించి, నీరు పోయే తూములు శుభ్రం చేయించాకనే పూత. కారే కప్పుమీద రంగు వేస్తే డబ్బు నీళ్ళపాలే. డబ్బు కొంచెంగా వుంటే మామూలు సున్నమే జిగురు కలిపి రెండుమూడు చేతులు వేయించండి. వానకు కడుక్కుపోతుంది, ఏటా వేయాలి, కానీ వేసవి గట్టెక్కిస్తుంది. సున్నం వేసేవాళ్ళ కళ్ళు, చేతులు జాగ్రత్త. సిమెంటు రేకులయితే తీగబ్రష్షు పెట్టి గీకించవద్దు. అందులో ఆస్‌బెస్టాస్ వుంటే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. నీళ్ళతో తడిపి మెల్లిగా కడిగించండి, రేకుమీద మనిషి నేరుగా నిలబడకుండా బల్లచెక్క వేయించండి.

పూత వేశాక దుమ్ము పట్టనీయకండి. తెల్లదనం మాస్తే చల్లదనం తగ్గుతుంది. ఏడాదికోసారి, శివరాత్రి వెళ్ళగానే, ఒకసారి కడిగితే చాలు. వడియాలూ, మిరపకాయలూ ఎండబెట్టుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు, కాకపోతే తడిసినప్పుడు జారుతుంది. పెద్దవాళ్ళు ఎక్కే మేడ అయితే నడిచేదారి మేర గరుకుగా వుండేట్టు చెప్పి వేయించండి.

అద్దె ఇంట్లో వున్నవాళ్ళు ఇంటివాళ్ళతో తగువుగా కాక లెక్కగా మాట్లాడండి. "పిన్నిగారూ, ఈ పూత వేయిస్తే శ్లాబు ఎండకు వ్యాకోచించి పగలడం తగ్గుతుంది, మీ కప్పు పదికాలాలు నిలుస్తుంది. సగం మీరు పెట్టుకోండి, సగం మేము పెట్టి అద్దెలో నాలుగు నెలల్లో తగ్గించుకుంటాం" అని చెప్పి చూడండి. ఈ బేరం మగవాళ్ళకన్న మనకే బాగా వస్తుంది! అపార్టుమెంట్లలో అయితే మేడ అందరిదీ, వేడి పై అంతస్తువారిది. సంఘం మీటింగులో ఆ మాట ఎత్తవలసింది కింద అంతస్తువారు. ఎత్తితే ఎంత పెద్దమనసు!

ఇంకో చిన్న లెక్క. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది. ఇప్పుడొచ్చే బీ.ఎల్.డీ.సీ. ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ధర ఎక్కువే, అంచేత అన్నీ ఒకేసారి మార్చకండి. ఎక్కువసేపు తిరిగేదాన్ని ముందు మార్చండి. ఏసీ వున్నవాళ్ళు ఒక్క డిగ్రీ పెంచుకుంటే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అని బ్యూరోవారే చెబుతున్నారు.

ఒక మాట చెప్పి ముగిస్తాను. మన వార్డు సభలకు, బస్తీ సమావేశాలకు వెళ్ళినప్పుడు మంచినీళ్ళ గురించీ, మురుగు గురించీ అడుగుతాం. ఇకనుంచి ఇంకో ప్రశ్న కూడా అడుగుదాం – "మా అంగన్‌వాడీ కప్పుకు తెల్లపూత ఎప్పుడు వేయిస్తారు?" అని. ఈ మధ్యాహ్నం ఆ కప్పు కింద నిద్రపోలేక ఏడుస్తున్నది మన పిల్లలే. ఆ అడిగే గొంతు మనది కాకపోతే మరెవరిదవుతుంది?